ఈ డెల్టాలో పెద్దల లెక్క తెగదు

పితృపక్షాల్లో పిఠాపురం ఇలా ఉంటుందని ఇన్నాళ్లూ నాకొక్కరూ చెప్పలేదేమండీ! కోనసీమ కొబ్బరితోటల గురించి చెప్పారు. పాపికొండల లాంచీ గురించి చెప్పారు. పూతరేకుల గురించి, పులస గురించి అయితే చెవులు చిల్లులు పడేలా చెప్పారు. భాద్రపదం చివరి పదిహేను రోజుల్లో పాదగయ కోనేటి గట్టు మీద కాసేపు కూర్చుంటే మతిపోతుందన్న ముక్క మాత్రం ఎవరి నోటా రాలేదు. అందుకని నేనే చెబుతున్నాను. కొత్తగా చూసొచ్చినవాడి హడావిడి కాస్త ఎక్కువే ఉంటుంది, సర్దుకోండి.

నేను హైదరాబాదు వాణ్ణి. అత్తవారిది అమలాపురం దగ్గర పల్లె. చిన్నప్పటి తద్దినాల్లో నాకు గుర్తున్నదల్లా ఆకలే. వంటింట్లోంచి గారెల వాసన గుప్పుమంటుంటే, భోక్తలు తిని లేచేదాకా పిల్లలం గడప బయటే తచ్చాడేవాళ్లం. పోయిన భాద్రపదంలో మా మావగారు ఫోన్ చేశారు. "ఈసారి మహాలయం పాదగయలో పెట్టుకుందామనుకుంటున్నామండీ అల్లుడుగారూ. మీకు తర్పణం పని లేదు, నాన్నగారు లక్షణంగా ఉన్నారు కదా. ఊరికే చూద్దురుగాని, రండి" అన్నారు. తండ్రి ఉన్నవాడు తర్పణాలు విడవకూడదు. కాబట్టి గట్టు మీద కూర్చుని కళ్లప్పగించి చూడడమే నా పని. ఇంతకన్నా మంచి చోటు ఎవరికి దొరుకుతుంది!

ముందు ఊరి సంగతి. పిఠాపురం డెల్టా ఉత్తరపు అంచున ఉంది. 2022 దాకా తూర్పు గోదావరి జిల్లా, ఇప్పుడు కాకినాడ జిల్లా. ఊరు ఎంత పాతదంటే, నాలుగో శతాబ్దంలో సముద్రగుప్తుడు దండెత్తి ఓడించిన రాజుల పేర్లు చెక్కించిన అలహాబాదు స్తంభం మీద పిష్టపురం మహేంద్రుడి పేరు కూడా ఉంది. ఆ పిష్టపురమే ఇది. ఒకే ప్రాంగణంలో కుక్కుటేశ్వరస్వామి, అష్టాదశ శక్తిపీఠాల్లో ఒకటైన పురుహూతికా అమ్మవారు, ఎదురుగా ఏకశిలలో మలిచిన పెద్ద నంది. గుడికి ముందున్న కోనేరే పాదగయ.

దీని వెనక కథ వింటే మీరూ నాలాగే నోరు తెరుస్తారు. గయాసురుడని ఒక రాక్షసుడు. పేరుకే రాక్షసుడు, మహాభక్తుడు. ఎంత పుణ్యాత్ముడంటే అతని ఒంటిని తాకినవాళ్లందరికీ మోక్షం వచ్చేస్తోంది. దాంతో దేవతల పని పోయింది. త్రిమూర్తులు బ్రాహ్మణ వేషంలో వచ్చి, యాగం చెయ్యడానికి నీ శరీరం కంటే పవిత్రమైన చోటు లేదు, ఇస్తావా అన్నారు. వెంటనే పడుకున్నాడు! తల బీహారులోని గయలో, నాభి ఒడిశాలోని జాజ్‌పూర్‌లో, పాదాలు మన పిఠాపురంలో. ఏడు రోజులు కదలకూడదన్నది షరతు. కోడికూతను బట్టి రోజులు లెక్కపెట్టుకుంటూ కదలకుండా పడుకున్నాడట. ఏడో రాత్రి శివుడే కోడిపుంజై తెల్లారకముందే కూశాడు. గడువు తీరిందనుకుని గయుడు కదిలాడు, దొరికిపోయాడు. ఆ కోడిపుంజే ఇక్కడ కుక్కుటేశ్వరుడు. మోసం బయటపడ్డాక కూడా ఆ రాక్షసుడు అడిగిన వరం చూడండి: తన శరీరం ఉన్న ఈ మూడు చోట్లా పిండం పెట్టినవాళ్ల పెద్దలు తరించాలి. తన కోసం ఏమీ లేదు. ఇంత పెద్దమనిషి మన పురాణాల్లో దేవతల్లో కూడా తక్కువే అంటాను నేను, కాదంటే వాదనకు సిద్ధం.

ఇక కోనేటి గట్టు. పొద్దున ఆరు దాటేసరికే వరసలు వరసలుగా జనం. తడిపంచెలు, అరిటాకులు, విస్తళ్లు, ఇత్తడి చెంబులు, నల్ల నువ్వుల పొట్లాలు, దర్భకట్టలు. ఒక్కో పురోహితుడి ముందు నాలుగైదు కుటుంబాలు. "సవ్యం" అనగానే అందరి జంధ్యాలూ ఎడమ భుజం మీదికి, "అపసవ్యం" అనగానే కుడి భుజం మీదికి. జంధ్యం లేనివాళ్లు కండువా మార్చుకుంటున్నారు. దేవతలకు సవ్యం, పితృదేవతలకు అపసవ్యం. పక్కన కూర్చున్న రైతు కుర్రాడు ఒకటికి రెండుసార్లు తడబడితే, వెనకనుంచి వాళ్లమ్మ కండువా పట్టుకుని తనే అటు వేసింది.

తర్పణం విడిచే చెయ్యి దగ్గరనుంచి చూడాలి. మామూలుగా నీళ్లు వదిలితే వేళ్ల చివరలనుంచి జారతాయి. పెద్దలకు వదిలే నీళ్లు అలా జారకూడదు. ఉంగరపు వేలికి దర్భ పవిత్రం, అరచేతిలో నువ్వులు, చెయ్యి కుడివైపుకు ఒంచి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యనుంచి వదలాలి. దక్షిణం వైపు తిరిగి కూర్చుని మా మావగారు ఒక్కో పేరు చెప్పి మూడేసిసార్లు నీళ్లు వదులుతుంటే, నువ్వులు బొటనవేలి పక్కనుంచి జారి పళ్లెంలో పడి గింజ గింజగా తేలాయి. తండ్రి వసురూపం, తాత రుద్రరూపం, ముత్తాత ఆదిత్యరూపం. పోయినవాళ్లు తరం తరం దాటుకుంటూ భూమినుంచి సూర్యుడి దాకా ఎక్కుతున్నారన్నమాట!

అసలు తమాషా పేర్ల దగ్గర మొదలైంది. పురోహితుడుగారు "తల్లిగారి తాతగారి పేరు?" అన్నారు. మా మావగారు ఆగిపోయారు. అల్మరాలోని పాత పుస్తకం తేవడం మరిచిపోయారట. జేబులోంచి ఫోన్ తీసి, తడిచేత్తోనే, ఎనభై దాటిన మేనత్తకు కలిపారు. "అత్తా, మా అమ్మ తాతగారి పేరేంటే? ఆయ్, పాదగయలోనే ఉన్నాం. గట్టిగా చెప్పు, ఇక్కడ గోలగా ఉంది." అవతలినుంచి పేరొక్కటే రాలేదు. ఆయన వేదపారాయణ, ఆయన కోపం, ఆయన పెంచిన అరటితోట, అన్నీ వచ్చాయి. పురోహితుడుగారు ఓపిగ్గా కూర్చున్నారు. చుట్టూ చూద్దును కదా, గట్టు పొడవునా ఇదే తంతు! ఒకరు నర్సాపురానికి, ఒకరు అమెరికాకు, ఇంకొకరు పక్కవీధికి ఫోన్లు చేసి తాతమ్మల పేర్లు కనుక్కుంటున్నారు. ఏడాది పొడుగునా ఎవరికీ అక్కర్లేని పేర్లు ఈ పదిహేను రోజుల్లో వెలికివచ్చి, పేరు పేరునా మూడు దోసిళ్ల నీళ్లు పుచ్చుకుని వెళుతున్నాయి. గోత్రం తెలియకపోతే కంగారు పడనక్కర్లేదు, కాశ్యప గోత్రం చెప్పుకోవచ్చు. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

మూడు తరాలతో అయిపోతుందనుకున్నాను. అప్పుడు మొదలైంది కారుణ్య పితృల జాబితా. పెద్దనాన్నలు, పినతండ్రులు, మేనత్తలు, మేనమామలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, చిన్నప్పుడే పోయిన పిల్లలు, అత్తమామలు, బావమరుదులు, చదువు చెప్పిన గురువు, అన్నం పెట్టిన యజమాని, స్నేహితుడు. స్నేహితుడు! రక్తసంబంధం లేని మనిషికి మన పితృకార్యంలో పీట వేసి ఉందని నాకు ఆ పూటే తెలిసింది. మా మావగారు తన కాలేజీ రోజుల జతగాడి పేరు చెప్పి నీళ్లు వదిలారు.

ఆ పైన ఇంకోటి, అన్నిటికన్నా పెద్దది: ధర్మపిండం. పెట్టేవాళ్లు లేక మిగిలిపోయినవాళ్లందరి కోసం ఒకే పిండం. అగ్నిలో పోయినవాళ్లు, నీళ్లలో పోయినవాళ్లు, వంశం అంతరించినవాళ్లు, ఇంట్లో పనిచేసినవాళ్లు, పశువులు, చివరికి చెట్లు కూడా ఆ మంత్రంలో ఉన్నాయి. పురోహితుడుగారు తాత్పర్యం చెబుతూ, "చూసినవీ, తాకినవీ, మనకు మేలు చేసినవీ ఏవైనా సరే" అన్నారు. మా మావగారు నా వైపు తిరిగి, "మా పెరట్లో పనసచెట్టుండేదండీ. తొంభయ్యారు తుపానుకు పడిపోయింది" అన్నారు. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమను ఊడ్చేసిన తుపాను అది. సముద్రం మీదికి వేటకు వెళ్లి తిరిగిరానివాళ్లు, ఒడ్డుకు చేరని శరీరాలు ఎన్నో. వాళ్లకెవరు పెట్టారు పిండం? పాదగయకు వచ్చి ధర్మపిండం పెట్టిన ప్రతివాడూ పెట్టినట్టే. ఊరూ పేరూ తెలియని మనిషికి కూడా అన్నం ముద్ద కేటాయించిన ఏర్పాటు ఇది. దీన్ని ఇన్నాళ్లూ ఆకలి వేసే కార్యక్రమంగా మాత్రమే చూశాను చూడండీ!

ఇంతలో ఇంకో పేరు వినబడింది. మా మావగారు తడుముకోకుండా, "ఆర్థర్ కాటన్ దొర" అన్నారు. నేను విన్నది నిజమేనా అని పురోహితుడుగారి మొహం చూశాను. ఆయన కనురెప్ప కూడా కదల్లేదు. "కాశ్యప గోత్రస్య" అని అందుకున్నారు! ఇంగ్లీషువాడికి గోత్రం దొరికేసింది, మూడు దోసిళ్ల నీళ్లు అందేశాయి. 1847లో ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలుపెట్టి 1852 నాటికి పూర్తిచేసి, కరువుతో, వరదతో వంతులవారీగా చచ్చిపోతున్న ఈ నేలను పంటభూమి చేసిన ఇంజనీరు ఆయన. 1899లో ఇంగ్లండులోని డార్కింగ్‌లో పోయారు. గోదావరి స్నానం చేస్తూ ఆయన్ను భగీరథుడిగా తలుచుకునే సంస్కృత శ్లోకం ఈ ప్రాంతంలో చాలామందికి నోటికొచ్చు. ఏటా మే 15న ఆయన పుట్టినరోజుకు రైతులు విగ్రహాలకు దండలు వేస్తారు. దండలు వెయ్యడం వేరు, మీ నాన్న పేరూ మీ తాత పేరూ చెప్పిన నోటితో ఆయన పేరు చెప్పడం వేరు. "ఆయన నీళ్లు మనం తాగుతున్నాం కదండీ, ఆయనకో దోసెడు మనం పొయ్యొద్దూ" అన్నారు మా మావగారు, అదేదో ఇంటిపన్ను కట్టినంత మామూలుగా.

మధ్యాహ్నం బంధువులింట్లో భోజనాలు. మడి కట్టుకున్న వంటావిడ దగ్గర నాకు ఇంకో పాఠం. పప్పులో, కూరలో, పచ్చడిలో ఎక్కడా మిరపకాయ లేదు, కారమంతా మిరియాలదే. టమాటా లేదు, బంగాళాదుంప లేదు, క్యాబేజీ, క్యారెట్, బీన్స్ లేవు. "ఇంగ్లీషు కూరలు పెద్దలకు పనికిరావు బాబూ" అంది. అరటికాయ, కంద, చేమదుంప, కాకరకాయ, పెసరపప్పు, మినపగారెలు, నువ్వుల ఉండలు, పరమాన్నం. ఆలోచించండి: మిరపకాయ పోర్చుగీసువాళ్ల వెంట పదహారో శతాబ్దంలో మన దేశానికి వచ్చింది. అంటే ఏడాదికోసారి తద్దినం నాడు మనం తింటున్నది మిరపకాయ ఎరగని తెలుగువాళ్ల భోజనం. ఏ చరిత్ర పుస్తకమూ ఇంత రుచిగా ఉండదు. ఆ మిరియాల ఘాటుతో అరటికాయ కూర రెండుసార్లు వేయించుకున్నాను.

భోక్తలకంటే ముందు ఎవరూ ముట్టకూడదన్న నియమం ఉంది కదా, దాన్ని ఈ ఊళ్లోనే ఒక ఇల్లాలు తప్పింది. గురుచరిత్రలో ఉన్న కథ. పితృకార్యం రోజున వాకిట్లోకి సన్యాసి వచ్చి భిక్ష అడిగితే, సుమతి అనే ఆ తల్లి బ్రాహ్మణుల భోజనం కాకముందే వడ్డించేసింది. వచ్చినవాడు దత్తాత్రేయుడు. ఆమెకు కొడుకై పుట్టినవాడే శ్రీపాద శ్రీవల్లభుడు. ఆకలితో వచ్చినవాడి ముందు నియమం పక్కకు తప్పుకున్న ఊరిది. అందుకే దత్తభక్తులు మహారాష్ట్రనుంచీ, కర్ణాటకనుంచీ ఇక్కడికి వస్తూనే ఉంటారు.

ఇంటికొచ్చాక ఊరుకోలేక మిగతా లోకం తమ పెద్దలను ఎలా చూసుకుంటుందో చదవడం మొదలుపెట్టాను. చైనావాళ్ల దగ్గర ఆగిపోయాను. వాళ్లకు ఏప్రిల్ 4, 5 తేదీల్లో చింగ్‌మింగ్ పండుగ. కుటుంబమంతా కలిసి పూర్వీకుల సమాధులు ఊడ్చి, కలుపు పీకి, పళ్లూ పిండివంటలూ పెట్టి, కాగితపు డబ్బు కాల్చి పైకి పంపుతారు. 2008 నుంచి చైనాలో అది జాతీయ సెలవు. వాళ్ల ఏడో నెల పౌర్ణమికి ఇంకో పండుగ. అప్పుడు సొంత పెద్దలకే కాదు, దిక్కూమొక్కూ లేని ప్రేతాత్మలకు కూడా వీధిలో వడ్డన. మన ధర్మపిండమే! సింగపూర్‌లో, మలేసియాలో ఆ నెలలో వీధి నాటకాలు, పాటకచేరీలు పెట్టి ముందువరస కుర్చీలు ఖాళీగా వదిలేస్తారు. ఆ కుర్చీలు కనబడని అతిథులవి.

ఆ పౌర్ణమి పండుగ కథలో ఉన్నది మనవాడే. బుద్ధుడి ఇద్దరు ప్రధాన శిష్యుల్లో ఒకడైన మౌద్గల్యాయనుడు, చైనావాళ్ల ములియెన్. చనిపోయిన తల్లి ఆకలి ప్రేతమై ఉండడం చూసి అన్నం తీసుకెళితే, నోటి దగ్గరికి రాగానే అన్నం నిప్పులైపోయింది. భిక్షువులందరికీ భోజనం పెట్టు, మీ అమ్మకు చేరుతుంది అన్నాడు బుద్ధుడు. ఇది చదవగానే మహాలయానికి మనవాళ్లు చెప్పే కర్ణుడి కథ గుర్తొచ్చింది. స్వర్గంలో కర్ణుడు ఏది తినబోయినా బంగారమైపోతోందట, ఎందుకంటే బతికినన్నాళ్లూ బంగారమే దానం చేశాడు, పెద్దలకు అన్నం పెట్టలేదు. పదిహేను రోజులు భూమికి తిరిగొచ్చి అన్నం పెట్టి వెళ్లాడు, ఆ పదిహేను రోజులే పితృపక్షం. ఒకచోట అన్నం నిప్పవుతుంది, ఒకచోట బంగారమవుతుంది. పరిష్కారం రెండు చోట్లా ఒకటే: ఎదురుగా ఉన్నవాళ్లకు పెట్టు, కనబడనివాళ్లకు చేరుతుంది.

ఈ కళ్లతో చూస్తే డెల్టా అంతా పెద్దల పండుగలే కనబడుతున్నాయి. సంక్రాంతికి కోళ్లపందేలే చూసివెళ్లేవాణ్ణి. అదే రోజు ఇంటింటా కొత్తబట్టలు ముందు పెద్దలకు పెట్టి, దణ్ణం పెట్టుకుని, ఆ తరవాతే కట్టుకుంటారు. నవంబరు 2న క్యాథలిక్కుల సమాధుల పండుగ: సున్నాలు వేసి, బంతిపూలు చల్లి, చీకటి పడేసరికి సమాధుల దొడ్డి నిండా కొవ్వొత్తులు. ఈస్టర్ తెల్లవారుజామున ఆ సమాధుల తోటలోనే ఆరాధన ఉంటుంది. ముస్లింలు షబే బరాత్ రాత్రి ఖబరస్తాన్‌కు వెళ్లి ఫాతిహా చదివి వస్తారు. దేవుడు వేరు కావచ్చు, తేదీ వేరు కావచ్చు, పోయినవాళ్లను ఏడాదికోసారైనా పలకరించకుండా ఈ గోదావరి మనిషి ఉండలేడు.

రాజమండ్రి కోటిలింగాల రేవులో, పుష్కరాల రేవులో అయితే ఈ పని ఏడాది పొడుగునా సాగుతుంది. బృహస్పతి సింహరాశిలోకి వచ్చే పుష్కరాలప్పుడు చెప్పనే అక్కర్లేదు. పన్నెండేళ్లకోసారి పన్నెండు రోజులు. మొదటి రోజు హిరణ్యశ్రాద్ధం, తొమ్మిదో రోజు అన్నశ్రాద్ధం, పన్నెండో రోజు ఆమశ్రాద్ధం. 2015 తరవాత మళ్లీ 2027లో వస్తున్నాయి. మహాలయానికి అన్నాళ్లు ఆగక్కర్లేదు, ఏటా వస్తుంది. ఎవరు ఏ తిథిన పోతే ఆ తిథి. ముత్తైదువగా పోయిన తల్లికి నవమి, సన్యాసులకు ద్వాదశి, ప్రమాదాల్లో పోయినవాళ్లకు చతుర్దశి. తిథి తెలియకపోతే అమావాస్య, అది అందరిదీ.

కాబట్టి వెళ్లండి. విజయవాడ, విశాఖ రైలుమార్గంలో సామర్లకోట దాటగానే పిఠాపురం, కాకినాడనుంచి బస్సులు బోలెడు. అమావాస్య నాడు జనం కిక్కిరిసిపోతారు, ముందు తిథుల్లో వెళితే తీరిగ్గా చూడొచ్చు. పూజ చేయించినా చేయించకపోయినా, నమ్మినా నమ్మకపోయినా, గట్టు మీద ఒక పూట కూర్చోండి. వెళ్లేముందు మాత్రం ఒక పని చెయ్యండి: ఇంట్లో అందరికన్నా పెద్దావిడను పక్కన కూర్చోబెట్టుకుని, నాన్నవైపు మూడు తరాలు, అమ్మవైపు మూడు తరాలు, ఆడవాళ్ల పేర్లతో సహా రాసుకోండి. కోనేటి గట్టు మీదినుంచి ఫోన్ చేస్తే ఎత్తడానికి ఆ మేనత్త ప్రతి ఏడూ ఉండదు.